వీణ వచ్చినవారు గొట్టువాద్యాన్ని గురువు లేకుండా నేర్చుకోగలరా?

కొంతవరకు నేర్చుకోగలరు. మహానాటక వీణ అని కూడా పిలిచే ఈ వాద్యానికి, చిత్రవీణ అన్నా ఇదే, మెట్లు (స్వరస్థానాలను చూపే అడ్డపట్టీలు) ఉండవు. ఎడమచేతితో కర్ర లేదా టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన గుండ్రటి కడ్డీని తంత్రులపై జరుపుతూ కుడిచేతితో మీటుతారు. రాగజ్ఞానం, తాళం, కుడిచేతి మీటు వీణ నుంచి దాదాపు అలాగే వస్తాయి.

చిక్కంతా ఎడమచేతితోనే. వీణపై 24 మెట్లు స్వరస్థానాన్ని కాపాడతాయి, గమకం, అంటే స్వరానికి ఇచ్చే ఊపు, తంత్రిని పక్కకు లాగితే పలుకుతుంది. ఇక్కడ గమకమంతా తంత్రి పొడవునా జారడమే కాబట్టి, వీణలో అలవడిన లాగుడు అడుగడుగునా అడ్డు వస్తుంది. 84 సెంటీమీటర్ల తంత్రి అనుకుంటే, షడ్జం (స) నుంచి తారషడ్జానికి (పై స) 42 సెంటీమీటర్లు జరగాలి, ఆపై స్థాయికి 21 మాత్రమే. అంటే పైకి పోయేకొద్దీ అదే పొరపాటు రెట్టింపు అపశ్రుతిగా వినిపిస్తుంది.

స్వరస్థానాలను తంబూర శ్రుతితో సొంతంగా సాధించవచ్చు. స్వరం సరిగ్గా కుదిరినప్పుడు అడుగున ఉన్న అనునాద తంత్రులు తమంతట తామే మోగుతాయి, అది గురువు తల ఊపినట్టే. కడ్డీ ఒత్తిడి మాత్రం ఒంటరిగా తెలియడం కష్టం: ఎక్కువైతే తంత్రి కుంగి శ్రుతి పెరుగుతుంది, తక్కువైతే గరగరమంటుంది. ఆ తప్పు చేతిలో స్థిరపడకముందే, మొదటి కొద్ది నెలలైనా, గొట్టువాద్యం వాయించేవారి ఎదుట కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం.