పెళ్లైతే ‘మిసెస్’ అనే రాయాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పెళ్లై రెండేళ్లయింది. మా ఆయన మస్కట్‌లో పని చేస్తున్నారు. నన్ను కూడా తీసుకెళ్దామని పాస్‌పోర్ట్‌కు అప్లై చేయమన్నారు. ఇంటర్నెట్ సెంటర్‌లో అడిగితే, ‘పెళ్లైంది కదక్కా, మిసెస్ అని పెట్టి మీ ఆయన ఇంటిపేరే రాయాలె, లేకపోతే తప్పుడు సమాచారం కింద కేసైతది’ అన్నారు. నా పదో తరగతి మెమో, ఆధార్ పుట్టింటి పేరు మీదే ఉన్నాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం మిసెస్ అని, అత్తగారింటి పేరు పడింది. ఇంటిపేరు మార్చుకుంటే పుట్టింట్లో వాటా పోతుందని మా అన్న అంటున్నాడు. ఏది రాయాలో తోచక టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ కేసు భయం మనసులోంచి తీసేయండి. పెళ్లైన స్త్రీ పేరు ముందు మిసెస్ అని పెట్టుకోవాలని గానీ, భర్త ఇంటిపేరు తీసుకోవాలని గానీ మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో భార్య పేరు మార్చుకోవాలన్న ఊసే లేదు.

మిస్, మిసెస్, మిజ్ (Ms) మూడూ ఇంగ్లిష్ వాళ్ల మర్యాద మాటలు. మొదటి రెండూ ‘మిస్ట్రెస్’ అనే ఒక్క మాట నుంచే పుట్టాయి. ఒకప్పుడు దానికి ఇంటి యజమానురాలు అని అర్థం, పెళ్లితో సంబంధం లేదు. పెళ్లైన వాళ్లకు ఒకటి, కాని వాళ్లకు ఒకటి అని విడిపోయింది ఆ తర్వాతే. మగవాళ్లకు మిస్టర్ ఒక్కటే సరిపోతుంటే ఆడవాళ్లకు రెండెందుకని 1901లోనే అమెరికాలో ఒక పత్రిక ‘మిజ్’ను సూచించింది. 1970ల నుంచి అది బాగా వాడుకలోకి వచ్చింది. పెళ్లైనా కాకున్నా రాసుకోవచ్చు. మన బడి పిల్లలు ఇద్దరు బిడ్డల తల్లైన టీచరమ్మను కూడా ‘మిస్’ అనే పిలుస్తారు, ఎవరూ తప్పు పట్టరు. కానీ బ్యాంకు ఫారంలో మిస్ అంటే పెళ్లి కాలేదనే చదువుకుంటారు కాబట్టి మీరు మిసెస్ గానీ మిజ్ గానీ టిక్ చేయండి.

అయితే ‘మ్యారిటల్ స్టేటస్’ గడి సంగతి వేరు. అక్కడ అడిగేది మర్యాద కాదు, నిజం. పెళ్లైతే మ్యారీడ్ అనే పెట్టాలి. పాస్‌పోర్ట్ కోసం తెలిసి తెలిసి తప్పు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద నేరం. సెంటర్‌లో మీకు చెప్పిన కేసు ఈ గడికి వర్తిస్తుంది, ఇంటిపేరుకు కాదు.

ఇక ఫారం దగ్గరికి వద్దాం. మీ మెమోలో ‘గాదె స్వప్న’ అని ఉందనుకుందాం. సర్‌నేమ్ గడిలో గాదె, గివెన్ నేమ్ గడిలో స్వప్న రాయండి. మిసెస్, శ్రీమతి లాంటివి పేరులో కలపొద్దు. ‘జి’ అని ఇనిషియల్ కూడా వద్దు, పూర్తిగా విప్పి రాయాలి. చాలామంది సర్‌నేమ్ గడిలో భర్త సొంత పేరు రాసేస్తారు. స్వప్న కాస్తా ‘రమేశ్ స్వప్న’ అయిపోతుంది. ఆ తర్వాత హన్మకొండ అదాలత్ దగ్గర నోటరీ బల్ల ముందు నిలబడి, ఈ పేరూ ఆ పేరూ ఒక్కరివే అని స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టాల్సి వస్తుంది. మీ భర్త పేరుకు ఫారంలో వేరే గడి ఉంది, అక్కడ రాయండి.

మెమో, ఆధార్ రెండూ ఒకటే చెప్తున్నాయి కాబట్టి మార్చాల్సింది బ్యాంకు పాస్‌బుక్. ఆధార్ కాపీ ఇచ్చి పేరు సరిచేయించుకోండి. పాన్ కార్డులో పెళ్లైన వాళ్లకైనా తండ్రి పేరో తల్లి పేరో ఉంటుంది, భర్త పేరు ఉండదు, దాని జోలికి పోవద్దు.

‘డబ్ల్యూ బై ఓ’ గురించి కూడా ఒక మాట. మన కాగితాల్లో అది వైఫ్ ఆఫ్. బయట దేశాల ఇంగ్లిష్‌లో అవే అక్షరాలను ‘వితౌట్’ అని చదువుతారు. మస్కట్ వెళ్లే కాగితాల్లో ‘వైఫ్ ఆఫ్’ అని పూర్తిగా రాయించండి. అలాగే మనవాళ్లు ‘మా మిసెస్’ అంటుంటారు. మాటల్లో నడుస్తుంది గానీ, ఆయన అక్కడ కంపెనీకి రాసే లెటర్‌లో ‘మై వైఫ్’ అనే ఉండాలి.

వృత్తి దగ్గర హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ అని రాయొచ్చు. ఆడవాళ్లను చిన్నచూపు చూసే మాటలు కోర్టుల్లో వాడొద్దంటూ 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తెచ్చిన చేతిపుస్తకం కూడా అదే వాడమంది. ఏ మాట రాసినా పర్వాలేదు గానీ ‘పనేమీ లేదు’ అని మాత్రం ఎప్పుడూ రాయనివ్వకండి. యాక్సిడెంట్ కేసుల్లో ఇల్లాలి పనికి విలువ కట్టాల్సి వచ్చినప్పుడు ఇలాంటి కాగితాలే అడ్డం తిరుగుతాయి. 2001లోనే లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ఆ పనికి నెలకు 3,000 రూపాయల లెక్క కట్టింది. అదీ తక్కువలో తక్కువగా.

మీ అన్న మాట పూర్తిగా తప్పు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో తెచ్చిన సవరణతో పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేరు. తండ్రి స్వార్జితాన్ని ఆయన ఇష్టమైన వాళ్లకు వీలునామా రాసుకోవచ్చు. వీటిలో దేనికీ మీ ఇంటిపేరుతో పని లేదు.

మీకు నిజంగా కావాల్సిన కాగితం పెళ్లి సర్టిఫికెట్. కొత్త పాస్‌పోర్ట్‌కు అది తప్పనిసరి కాదు గానీ ఫ్యామిలీ వీసాకు అది లేకుండా కుదరదు. పెళ్లి పత్రిక, ఫొటోలు, ఇద్దరి వయసు రుజువులు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్లాలి. కాబట్టి ఆయన ఈసారి సెలవు మీద వచ్చినప్పుడే ఆ పని పూర్తి చేయించుకోండి. సంతకం పెట్టే ముందు సర్టిఫికెట్‌లో మీ పేరు స్పెల్లింగ్‌ను పదో తరగతి మెమో పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి.