కారు ధర సరే, సాఫ్ట్‌వేర్ ధర ఎందుకు పెరిగింది?

అమెరికాలో టెస్లా కార్లతో పాటు వాటి సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ (కారు తనంతట తానే నడిచేందుకు ఉద్దేశించినది) ధర కూడా 2022 వరకు ఎందుకు పెరుగుతూ వచ్చిందన్నది ప్రశ్న. రెండింటి కారణాలూ వేరు.

2021, 2022లలో కార్ల ధరలు పెరగడానికి చిప్‌ల కొరత, బ్యాటరీకి కావలసిన లిథియం, నికెల్ ప్రియం కావడం ముఖ్య కారణాలు. 2023లో టెస్లా తన కార్ల ధరలను పలుమార్లు తగ్గించింది కూడా.

సాఫ్ట్‌వేర్ సంగతి అలా కాదు. దాన్ని తయారు చేయడానికి, శిక్షణ ఇచ్చే కంప్యూటర్లకు భారీగా ఖర్చవుతుంది, నిజమే. కానీ మరో కారులో దాన్ని పనిచేసేలా చేయడానికి కంపెనీకి అదనంగా అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ ధరను నిర్ణయించేది ముడిసరుకు కాదు, కొనేవారి ఆశ. 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' అనే ఈ సాఫ్ట్‌వేర్ ధర 2020 చివర్లో 10,000 డాలర్లు ఉండేది. 2022 జనవరిలో 12,000, అదే ఏడాది సెప్టెంబరులో 15,000 అయింది. సామర్థ్యం పెరిగేకొద్దీ ధర పెరుగుతుందని ఎలాన్ మస్క్ చెబుతూ వచ్చారు. తీరా 2024 ఏప్రిల్‌లో అది 8,000కు దిగింది, ఒకేసారి కొనకుండా నెలనెలా కట్టి వాడుకునే చందా 199 నుంచి 99 డాలర్లకు తగ్గింది. ముందుగా 15,000 చెల్లించినవారి బాధ న్యాయమైనదే.

పైగా పేరులో 'ఫుల్' ఉన్నా, అప్పుడు అమ్మిన ఆ వ్యవస్థకు డ్రైవర్ పర్యవేక్షణ తప్పనిసరి. రాబోయే సామర్థ్యాన్ని నమ్మి పెద్ద మొత్తం కట్టడం కన్నా, ఒక నెల చందాతో వాడి చూడడమే మేలుగా ఉండేదని నా అభిప్రాయం.