నీ దొంగ ఏమి చూస్తాడు?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను తల్లీ. నగరం బాగుంది. దాన్ని కాపాడే మంత్రగోడలు బాగున్నాయి. వాక్యం తడబడకుండా నడుస్తోంది. నీ కథానాయకుడు మాత్రం ఇంకా పుట్టలేదు. పదిహేడేళ్ల కుర్రదొంగ, అందగాడు, మాటకారి అని నువ్వు చెప్పావు. సత్రం యజమానురాలి చేత ఒకసారి, కావలివాడి చేత ఒకసారి చెప్పించావు. వాడు చేసిన పని చూసి నాకు ముచ్చట వేసిన చోటు ఒక్కటీ లేదు. దొంగను పాఠకుడు ఇష్టపడాలంటే ఇతరుల సిఫారసు పనికిరాదు. నువ్వు వాడి ఆకర్షణనంతా నాలుక మీద పెట్టావు. దాన్ని అక్కడినుంచి తీసి చూపులో పెట్టమని చెప్పడానికే ఇంత పొడవు ఉత్తరం రాస్తున్నాను.

దొంగకు మనుషులను గమనించడమే బతుకు. గుంపులో ఎవరైనా "జేబుదొంగలున్నారు, జాగ్రత్త" అని కేక వేస్తే జనం చేతులు వాటంతట అవే డబ్బున్న చోటికి పోతాయి. జేబుదొంగకు కావలసింది కూడా అదే. ఈ కిటుకును నీ సంతలో పెట్టి చూడు. కేక వినిపించింది. లావుపాటి వర్తకుడు నడుము తడుముకున్నాడు. పక్కనున్న ముసలాయన మాత్రం గుండె మీద చెయ్యి వేశాడు, వేసిన చెయ్యి తీయలేదు. ఆ వేళ్ల కింద ఉన్నది నాణేల మూట కాదు, మడతపెట్టిన ఉత్తరం అని మనవాడు పసిగట్టాడు. వర్తకుడి సంచి తాడు కోశాడు. వెళ్తూ వెళ్తూ, ముసలాయన వైపు జరుగుతున్న మరో దొంగను భుజంతో పక్కకు నెట్టాడు. ఎందుకు నెట్టాడో వాడు ఎవరికీ చెప్పడు. నువ్వూ చెప్పవద్దు. నాలుగు పేజీల చమత్కారపు సంభాషణ చేయలేని పని ఆ భుజం చేస్తుంది.

ఇక ఆ మాయ అంగీ. దాన్ని తీసేయమని గట్టిగా చెబుతున్నాను. తొడుక్కుంటే ఎవరికీ కనిపించని అంగీ ఉన్నవాడికి నేర్పుతో పనేముంది? మంత్రం దొంగకు సాయపడిన ప్రతిసారీ వాడి స్థాయి తగ్గుతుంది, అడ్డుపడిన ప్రతిసారీ పెరుగుతుంది. నీ నగరానికి ఇలాంటి నియమం ఒకటి పెట్టు: యజమాని ప్రాణంగా చూసుకునే వస్తువును దొంగిలిస్తే, అది తెల్లవారేదాకా ఆ యజమానిని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటుంది. అప్పుడు నీవాడు ఒక ఇంట్లోకి దిగాక ఏది ఖరీదైనదని వెతకడు, ఈ ఇంటివాళ్లు దేన్ని మరిచిపోయారని వెతుకుతాడు. దుమ్ము పట్టిన వెండి పళ్లెం తీసుకుంటాడు. అరిగిపోయిన చెక్కబొమ్మ జోలికి పోడు. ఒక రాత్రి అంచనా తప్పుతుంది. మూటలోని ఇత్తడి ఉంగరం, పైసాకు కొరగాని ఉంగరం, ఎవరి పేరో పలకడం మొదలుపెడుతుంది. అది ఇంటివాళ్ల పేరు కాదు. నాకైతే నవల అక్కడ మొదలైనట్టే.

తాళాల సంగతి త్వరగా చెప్పేస్తాను. నీవాడు ఇనుప తీగ ముక్కతో రెప్పపాటులో మూడు తాళాలు తెరిచాడు. 1851లో లండన్ మహా ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, బ్రామా కంపెనీ సవాలుగా పెట్టిన తాళాన్ని తెరిచాడు. అంతకుముందు 60 ఏళ్లకు పైగా అది ఎవరికీ లొంగలేదు. అతనికి 16 రోజుల్లో 51 గంటలు పట్టింది. నీ కుర్రవాడి చేత అంతసేపు కుస్తీ పట్టించమనను, కానీ వాడి వేళ్లు తిమ్మిరెక్కనీ, దూరంగా కావలివాడి దగ్గు వినిపించనీ. తేలిక తాళాలే కావాలంటే పాతకాలపువి ఉన్నాయి. వాటి లోపల ఇనుప అడ్డుపట్టీలు ఉంటాయి. ఆ పట్టీలకు తగలకుండా అరగదీసిన ఒకే తాళంచెవి అలాంటివి చాలా తెరుస్తుంది. ఆ తాళంచెవిని వాడికి అరగదీసి ఇచ్చినవారు ఎవరు?

వయసును కూడా నువ్వు వాడుకోలేదు. పదిహేడేళ్లు అని ఒకచోట అంకె వేసి ఊరుకున్నావు. పన్నెండేళ్లప్పుడు వాడు చువ్వల మధ్యనుంచి దూరిన కిటికీ ఒకటి ఉండే ఉంటుంది. ఇప్పుడు తల పడుతుంది, భుజాలు పట్టవు. చీకట్లో ఆ చువ్వల మధ్య సగం ఇరుక్కుని, తన ఒళ్లు తన వృత్తికి ఎదురు తిరిగిందని వాడికి మొదటిసారి తెలుస్తుంది. వాడికి ఇకనుంచి తనకంటే చిన్నవాడు ఒకడు కావాలి. ఒక పసివాణ్ణి ఈ పనిలోకి దించాలా వద్దా అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకం తీసి చదువు. శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసేముందు గోడ ఇటుకలు చూసుకుంటాడు. ఏ ఆకారంలో వేస్తే అందంగా ఉంటుందో ఆలోచించి పూర్ణకుంభం ఖాయం చేసుకుంటాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్లు పోస్తాడు. పని మీద అంత మమకారం ఉన్నవాణ్ణి అసహ్యించుకోవడం మనవల్ల కాదు. అయినా శూద్రకుడు వాణ్ణి ఊరికే వదిలిపెట్టలేదు. శర్విలకుడు దొంగతనానికి దిగింది ప్రేయసి మదనికను దాస్యం నుంచి విడిపించడానికి. తీరా ఆ నగలు మదనిక యజమానురాలు వసంతసేనవే, చారుదత్తుడి దగ్గర దాచమని ఇచ్చినవి. అక్కడ చారుదత్తుడేమో, పేదవాణ్ణి కాబట్టి నేనే కాజేశానని లోకం అనుకుంటుందని కుమిలిపోతున్నాడు. అతని పరువు నిలపడానికి భార్య తన రత్నహారం తీసి ఇచ్చేస్తుంది. కన్నం ఎంత అందంగా ఉన్నా, దాని అవతల ఒక ఇల్లాలి మెడ బోసిపోయింది.

నీ అధ్యాయాల్లో పోగొట్టుకున్నవాళ్లందరూ దుర్మార్గులే. అది వాడికి నువ్వు ఇస్తున్న లంచం. సంచి పోయిన ఆ వర్తకుడు సాయంత్రం తన దుకాణంలో పనిచేసే కుర్రాణ్ణి అనుమానించి కొడతాడనుకో. ఆ కుర్రాడిదీ పదిహేడేళ్లే. నీవాడు ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. వెంటనే డబ్బు తిరిగి ఇప్పించి వాణ్ణి కడిగిన ముత్యం చేయకు. కొంతకాలం ఆ బరువు మోయనీ. ఆ తర్వాత కూడా వాడు నవ్వగలిగితే, ఆ నవ్వును మేము నమ్ముతాం.

నాకింకో భయం ఉంది. వాడి భుజం మీది మచ్చను రెండుసార్లు ప్రస్తావించావు. వాణ్ణి తప్పిపోయిన రాకుమారుడిగా తేల్చబోతున్నావేమో. దయచేసి ఆ పని చేయకు. రాకుమారుడని తేలిన రోజున వాడు ఇన్నాళ్లూ దోచిన నగరం వాడి సొంతమైపోతుంది. సొంతింటి సొమ్ము తీసుకున్నవాడు దొంగ ఎలా అవుతాడు? చేతులు కాయలు కాసేలా నేర్చుకున్న విద్యంతా వంశం పుణ్యం కింద జమ అవుతుంది. మచ్చను ఉంచు, కానీ అది మొదటిసారి దొరికిపోయినప్పుడు పెట్టిన వాత కావాలి. అడిగినవాళ్లకల్లా వాడు దానికి ఒక్కో కథ అల్లి చెబుతాడు. నీ మాటకారితనమంతా అక్కడ ఖర్చుపెట్టు, నాకు అభ్యంతరం లేదు. నిజం మాత్రం నవల మొత్తంలో ఒక్క మనిషికే చెబుతాడు. ఆ మనిషి ఎవరో ముందు నువ్వు తేల్చుకుని, అప్పుడు మొదటి అధ్యాయం మళ్లీ రాసి పంపు.