"ఏమీ లేకుండా ఉండొచ్చు కదా, అసలు ఏదైనా ఎందుకు ఉంది?"

ఒంగోలు నుంచి అడిగిన ప్రశ్న ఇది: విశ్వం క్వాంటం శూన్యం (కణాలేవీ లేని స్థితికి భౌతికశాస్త్రం పెట్టిన పేరు) నుంచి పుట్టి ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు చెప్పాక ఈ ప్రశ్న ఇంకా మిగిలి ఉందా?

ఉంది. ఎందుకుందో తెలియాలంటే మీ దగ్గర్లో దొరికే వస్తువుతోనే మొదలుపెట్టండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక తీసుకోండి. నల్లరాయిలో ఆ బంగారు చుక్కలేమిటి? బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. కంటికి కనబడేంత పెద్దవి ఎలా అయ్యాయి? శిలాద్రవం భూమి లోపల నిదానంగా చల్లారింది. వాటిలోని ఇనుము? నక్షత్రాల్లో తయారైంది. ఆ నక్షత్రాలకు హైడ్రోజన్? సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందట, విశ్వం తొలి నిమిషాల నుంచి వచ్చింది. ప్రతి మెట్టులోనూ ఒకదాన్ని చూపించి ఇంకోదానికి కారణం చెప్పాం. "అసలు ఏదైనా ఎందుకు ఉంది" అన్నప్పుడు ఆ పద్ధతి పనిచేయదు. దేన్ని చూపించినా అదీ ప్రశ్నలోకే వచ్చేస్తుంది. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1714లో ఈ ప్రశ్నను సూటిగా రాశాడు. వెనక్కి ఎంత దూరం పోయినా, మొదలే లేదనుకున్నా, ఈ వరుస మొత్తం ఎందుకుందన్నది విడిగా నిలుస్తుంది.

క్వాంటం శూన్యం జవాబు దెబ్బతినేదీ ఇక్కడే. అందులో క్షేత్రాలున్నాయి (భౌతికశాస్త్రం ఫీల్డ్‌లనేవి), శక్తి ఉంది, నియమాలున్నాయి. ఆ శూన్యంలో ఎదురెదురుగా, చాలా దగ్గరగా పెట్టిన రెండు లోహపు పలకలు విద్యుదావేశం లేకపోయినా ఒకదాన్నొకటి లాక్కుంటాయని డచ్ భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ 1948లో లెక్కగట్టాడు. 1997లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త లామోరో ఆ బలాన్ని కొలిచాడు. కొలతకు దొరికేదాన్ని "ఏమీ లేకపోవడం" అనలేం. విశ్వం శూన్యం నుంచి పుట్టిందనడానికి, సృష్టి మొదలు గురించి చెప్పే నాసదీయ సూక్తాన్ని (ఋగ్వేదం 10.129) సాక్ష్యంగా తెచ్చేవాళ్లూ తొందరపడుతున్నారు. అప్పుడు అసత్తూ (లేనిదీ) లేదు, సత్తూ (ఉన్నదీ) లేదు అని అది మొదలవుతుంది. శూన్యం నుంచి పుట్టిందని చెప్పడం వేరు, ఇది వేరు.

ఈ విషయంలో మన న్యాయ దర్శనం (భారతీయ తర్కశాస్త్రం) చాలా పదునైన పనిముట్టు ఇస్తుంది. చర్చల్లో దాన్ని వాడేవాళ్లు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం అనే తర్క గ్రంథంలో అభావం, అంటే లేకపోవడం, నాలుగు రకాలు: పుట్టకముందు లేకపోవడం, నశించాక లేకపోవడం, ఎన్నడూ లేకపోవడం, ఒకటి మరొకటి కాకపోవడం. ఏ అభావానికైనా రెండు కావాలి. లేని వస్తువు ప్రతియోగి. అది ఎక్కడ లేదో ఆ చోటు అనుయోగి. "నేల మీద కుండ లేదు" అంటే కుండ ప్రతియోగి, నేల అనుయోగి. ఇప్పుడు కుండతో పాటు నేలనూ, గదినీ, ఆకాశాన్నీ, కాలాన్నీ తీసేయండి. లేమి నిలబడటానికి చోటే మిగలదు. దీంతో "ఏమీ లేకపోవడం అసాధ్యం, కాబట్టి ఏదో ఒకటి ఉండాల్సిందే" అని తేల్చేస్తారు చాలామంది. నేను అంత దూరం పోను. మన దగ్గరున్న అభావం అనే కొలబద్దతో సంపూర్ణ శూన్యాన్ని వర్ణించలేమని మాత్రమే ఇది చూపిస్తుంది. అది అసంభవమని చూపదు.

అమెరికన్ తత్వవేత్త పీటర్ వాన్ ఇన్‌వాగెన్ 1996లో ఇంకో దారి పట్టాడు. వస్తువులు ఉండటానికి అనంతమైన తీరులున్నాయి, ఏమీ లేకుండా ఉండటానికి ఒక్కటే తీరు. అందుకే శూన్యానికి సంభావ్యత సున్నా అన్నాడు. లోపం ఒక చిన్న ఊహలో ఉంది. అన్ని తీరులకూ సమాన బరువు ఎందుకివ్వాలి? పాచికకు ఆరు ముఖాలూ సమానమంటే దాన్ని చేతిలోకి తీసుకుని చూశాం కాబట్టి. ఇక్కడ చేతిలోకి తీసుకోవడానికి ఏముంది?

దేవుడే కారణమనే జవాబుకూ ఒక షరతు ఉంది. "లేకుండా ఉండటం సాధ్యం కాని" ఉనికి అది అని చెబితే సరిపోదు, ఎందుకు సాధ్యం కాదో చూపించాలి. చూపించలేకపోతే, 1948లో బీబీసీ చర్చలో బ్రిటిష్ తత్వవేత్త రసెల్ "విశ్వం ఉంది, అంతే" అన్నదానికీ దీనికీ బలంలో తేడా ఉండదు.

మీరు డిగ్రీ స్థాయిలో మొదలుపెడుతుంటే, బిగ్ బ్యాంగ్ పుస్తకాల కంటే ముందు తర్కసంగ్రహంలో అభావ ప్రకరణం తెలుగు వ్యాఖ్యానంతో చదవండి. ఆ తర్వాత ఏ జవాబు ఎదురైనా, అందులో "శూన్యం" అన్నచోట ఏమేమి మిగుల్చుకున్నారో ఒక కాగితం మీద రాసి చూసుకోండి.