తుగ్లక్ వేయబోతున్న బాబుకు

చిరంజీవికి ఆశీస్సులు.

గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ను తెలుగులో వేస్తున్నామని, ఉన్న డబ్బంతా సెట్టుకే అయిపోయేలా ఉందని రాశావు. సెట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ నాటకం ఇప్పటిదాకా ఎక్కడెక్కడ, ఎలా ఆడిందో కాస్త తెలుసుకో. కాపీ కొట్టడానికి కాదు. వాళ్లకు ఏ అవసరం వచ్చి ఏ పని చేశారో తెలిస్తే, నీకు అక్కర్లేని ఖర్చేదో తేలిపోతుంది.

కర్నాడ్ దీన్ని 1964లో కన్నడంలో రాశాడు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. రాసేటప్పుడు పార్సీ నాటకాల పద్ధతి పట్టుకున్నాడు. వెనక దర్బారు సెట్టు మారుస్తున్నంతసేపూ ముందు తెర దించేసి, దాని ముందు ఏదో చిన్న సీను నడిపించేవారు. అందులో ఎక్కువగా హాస్యమే. మన పాత కంపెనీ నాటకాలు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అజీజ్, ఆజం అనే ఇద్దరు దొంగల సీన్లు ఆ కోవలోవే. అయితే కర్నాడ్ ఒక గడుసు పని చేశాడు. రాజ్యం చెడేకొద్దీ ఆ తెర ముందు మనుషులు తెర వెనక్కి, అంటే దర్బారులోకి చొరబడతారు. చివరికి అజీజ్ ఖలీఫా వంశస్థుణ్ణి చంపి, ఆ వేషంలో సుల్తాన్‌ చేతే స్వాగతం చెప్పించుకుంటాడు.

మీ హాల్లో ముందు తెర ఉందా? లేకపోతే లైట్లు ఆర్పి వెలిగిస్తే చాలనుకోకు. స్టేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, మొదటి సగంలో దొంగల్ని దాన్ని దాటనివ్వకు. రెండో సగంలో దాటించు. సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేమీ లేదు. చూసేవాడికి ఆ గీత కనపడకపోయినా ఫరవాలేదు, తేడా తెలుస్తుంది.

1966లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా విద్యార్థులు దీన్ని ఉర్దూలో వేశారు. 1970లో బొంబాయిలో అలిక్ పదంసీ ఇంగ్లీషులో వేశాడు, తుగ్లక్ వేషం కబీర్ బేడీది. ఆ ఇంగ్లీషు అనువాదం కర్నాడే చేశాడు, 1972లో పుస్తకంగా వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ చేతిలో ఉన్న తెలుగు స్క్రిప్టు కన్నడం నుంచి వచ్చిందా, ఇంగ్లీషు దారిన వచ్చిందా అని ముందు కనుక్కో. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. తెలుగులో సవతి తల్లి సుల్తాన్‌ని నువ్వు అంటుందా, మీరు అంటుందా? ఏకాంతంలో ఒకటి, నలుగురిలో ఇంకొకటా? మొదటి రీడింగులోనే తేల్చుకో. లేదంటే రిహార్సల్స్‌లో ఒక్కొక్కడు ఒక్కోలా అంటాడు.

ఇక కోట సంగతి. 1970ల మొదటి సగంలో ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీ పురానా ఖిలాలో వేసిన ప్రదర్శనే అందరూ చెప్పుకునేది. మనోహర్ సింగ్ తుగ్లక్. నువ్వు కోట సెట్టు వేయాలనుకోవడం ఆ ఫోటోలు చూసే అయుంటుంది. కానీ పురానా ఖిలా హుమాయూన్, షేర్ షాల నాటిది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1351లో పోతే, ఆ కోట దాదాపు 200 ఏళ్ల తర్వాత వచ్చింది. 2012లో భాను భారతి ఫిరోజ్ షా కోట్లాలో వేశాడు. అదీ తుగ్లక్ తర్వాత గద్దెనెక్కిన ఫిరోజ్ షా కట్టించిందే. వాళ్లకు కావలసింది నిజమైన తుగ్లక్ గోడ కాదు, ఆ గోడ ముందు మనిషి చిన్నగా కనపడటం. అది నువ్వు ఒక ఎత్తు మెట్లవరసతో, కింద నుంచి వేసిన ఒక్క లైటుతో తేవచ్చు. థర్మోకోల్ కోట మాత్రం వద్దు బాబూ, ఫ్యాను గాలికి ఊగుతుంది.

మనకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఇంకోటుంది. తెలుగువాడికి ‘తుగ్లక్ పాలన’ అంటే తిట్టు. పేరు వినగానే హాల్లో నవ్వులు మొదలవుతాయి. నవ్వనీ. కానీ సవతి తల్లితో చదరంగం గురించి, తన కలల గురించి చెప్పే సీనుకు నవ్వు ఆగిపోవాలి. ఆ మనిషి తెలివి, నిద్రలేమి అక్కడ జనానికి తెలియకపోతే తర్వాత రాజధాని మార్పు, నాణేల గొడవ రెండూ ప్రహసనమైపోతాయి. మేము వేసినప్పుడు అదే జరిగింది. మా హీరో మొదటి నుంచీ పిచ్చివాడిలా కళ్లు తిప్పాడు, ఇంటర్వెల్ తర్వాత అతనికి చేయడానికేమీ మిగల్లేదు.

డైలాగు చివర మింగేసే అలవాటు నీ కుర్రాళ్లలో ఎవరికైనా ఉంటే ఇప్పుడే మాన్పించు. మన భాషలో అసలు సంగతంతా వాక్యం చివరే కదా. ‘నేను చంపాను’, ‘నేను చంపలేదు’ రెండూ ఒకలాగే మొదలవుతాయి. వెనక వరసవాడికి ‘చంప’ దాకా వినపడి ఆగిపోతే, సుల్తాన్ ఒప్పుకున్నాడో బుకాయించాడో వాడికెలా తెలుస్తుంది? రీడింగు రోజు నువ్వు వెళ్లి ఆఖరి వరసలో కూర్చో, స్క్రిప్టు చేతిలో లేకుండా.

నాణేలకు కొత్తగా డబ్బు తగలెయ్యకు. మేము డబ్బా రేకు కత్తిరించి చేసినవి గోనెసంచీడు మా అటక మీద ఉన్నాయి. గుమ్మరిస్తే చప్పుడుకు డైలాగు వినపడదు, అందుకని సగం సంచిలో కింద చింతపిక్కలు పోశాం. ఆదివారం లోపు ఎవరినైనా పంపు. అంచులు కోసుకుంటాయి, వచ్చేవాణ్ణి చేతికి గుడ్డ చుట్టుకుని రమ్మను.