డెత్ మాగ్నెటిక్: లోపం మీ స్పీకర్లలో లేదు

అమెరికన్ హెవీ మెటల్ సంగీత బృందం మెటాలికా 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్‌ను విమర్శకులు అంతగా మెచ్చుకున్నప్పుడు మీ సీడీలో డ్రమ్స్ పగిలినట్టు ఎందుకు వినిపిస్తున్నాయని, స్పీకర్లు మార్చాలా అని అడిగారు. మార్చనవసరం లేదు. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’ ఆల్బమ్ చాలామందిని నిరాశపరచిన తరువాత, గిటార్ సోలోలతో, సుదీర్ఘమైన పాటలతో బృందం తన పాత బలాన్ని తిరిగి అందుకుందన్నది ఆ ప్రశంసల సారాంశం. నా దృష్టిలో అది న్యాయమైన మాటే. అయితే శబ్ద స్థాయిని హద్దు మీరి పెంచడం వల్ల తరంగాల శిఖరాలు తెగిపోయి, ఆ పగులు సీడీలోనే చేరిపోయిందని ఎందరో అభిమానులు అప్పుడే ఆక్షేపించారు. ‘గిటార్ హీరో’ వీడియో ఆట కోసం ఇచ్చిన రూపంలో శబ్దాన్ని ఇలా నొక్కివేయడం అంతగా లేకపోవడంతో తేడా స్పష్టంగా బయటపడింది. ఇంత మంచి వాయిద్యాన్ని ఇలా నలిపివేయడం నిజంగా బాధాకరం. వాల్యూమ్ తగ్గించినా ఆ పగులు పోదు కనుక, ఐట్యూన్స్ కోసం 2015లో మళ్లీ మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిదిద్దడం) చేసిన ప్రతిని విని చూడండి.