విన్నది విన్నట్టు చెప్పడం గురించి మేనకోడలికి

అమ్మాయీ,

ఆశీస్సులు. మీరు నలుగురైదుగురు నెలకొకసారి ఒకరింట్లో చేరి పాత కర్ణాటక సంగీత రికార్డులు వింటున్నారనీ, విన్నవాటి మీద ఒక్కో పుట రాసి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారనీ తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన మూడు పుటలూ చదివాను. ఎలా ఉన్నాయో మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

మూడింటిలోనూ ‘అద్భుతం’, ‘గంధర్వగానం’, ‘ఒళ్లు పులకరించింది’ అన్న మాటలున్నాయి. నీకు అలా అనిపించిందనడంలో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ పుట చదివాక రికార్డు పెట్టుకుంటే, చెవి ఎక్కడ నిలపాలో నాకు తెలియలేదు. తోటి శ్రోతకు నువ్వు ముందుగా ఇవ్వవలసింది ఆ చోటు. ఏ పాటలో, ఏ పాదం దగ్గర, ఎన్నో నిమిషంలో, నీకు ఏమి వినిపించిందో రాయి. చదివినవాళ్లు వెళ్లి ఆ చోటు వింటారు. నీతో ఏకీభవిస్తారు, లేదా నీకు వినిపించనిది తమకు వినిపించిందంటారు. మాట అక్కడి నుంచి సాగుతుంది. ‘అద్భుతం’ అన్నదానికి మాత్రం ‘అవును’ అని ఊరుకోవడం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు.

నీ రెండో పుటే తీసుకుందాం. ‘నిధి చాల సుఖమా’ విని, ‘కల్యాణి రాగాన్ని కళ్లకు కట్టారు’ అని రాశావు. ఆ వాక్యం ఏ కల్యాణి కృతికైనా అతుకుతుంది. ఈ కృతికే చెల్లే మాట కావాలి. ఇదంతా ప్రశ్నలతో నడిచే పాట కదా. నిధి సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా, నిజముగ పల్కు మనసా అని త్యాగరాజు మనసును నిలదీస్తున్నాడు. తరువాతి పాదాల్లోనూ ఇటొకటి, అటొకటి పెట్టి ఏది కావాలో తేల్చుకోమంటున్నాడు. కాబట్టి విను: గాయని మొదటి ‘సుఖమా’ను ఎలా వదిలింది, రెండో ‘సుఖమా’ను ఎలా వదిలింది? రెండింటికీ ఒకే బరువు ఇచ్చిందా? సంగతులు, అంటే ఒకే పాదాన్ని కొత్త కొత్త మలుపులతో తిప్పి పాడే తీరులు, పెరిగేకొద్దీ విద్వత్తంతా ‘నిధి’ మీదే కుమ్మరించి, ‘సన్నిధి’ దగ్గరికి వచ్చేసరికి తొందరపడిందా? నెరవల్‌కు, అంటే ఒక పాదాన్ని పట్టుకుని అప్పటికప్పుడు రకరకాలుగా విస్తరించడానికి, ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ అన్న పాదం ఎత్తుకుంటే, ‘సుమతి త్యాగరాజనుతుని కీర్తన సుఖమా’ అన్న రెండో సగానికి కూడా చోటు దక్కిందా? దక్కకపోతే ప్రశ్న సగంలోనే ఆగిపోయినట్టు. ఈ ప్రశ్నలతో విని నీకు తోచిన జవాబు నాలుగు వాక్యాల్లో రాసినా చాలు, ఆ పుటను మీవాళ్లు దాచుకుంటారు.

ఈ పని చేయడానికి తెలుగువాళ్లమైన మనకు మంచి వీలుంది. తమిళనాట చిన్నప్పటి నుంచి కచేరీల మధ్య పెరిగిన రసికులు రాగంలో, తాళం లెక్కలో మనకంటే సూక్ష్మంగా వినగలరు. వాళ్లనుంచి నేర్చుకో, సిగ్గుపడకు. అయితే త్యాగరాజు మాట మన ఇళ్లలో పలికే మాట. తోడిలో ‘కద్దను వారికి’ వింటున్నప్పుడు, ‘నిద్దుర నిరాకరించి ముద్దుగ తంబుర బట్టి’ అన్న పాదానికి అర్థం మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. శుద్ధమైన మనసుతో, సుస్వరంతో భజించేవాడి గురించిన ఆ పాదాన్ని నెరవల్‌కు ఎందుకు అంతగా ఎంచుకుంటారో మనకు వెంటనే తెలుస్తుంది. మాట ఎక్కడ విరిగింది, ఎక్కడ అతికింది, ఊపిరి ఏ మాటకు ముందు తీసుకున్నారు అన్నవి రాయి. మీ బృందంలో తెలుగు రాని శ్రోతలు కూడా ఉన్నారన్నావు. వాళ్లకు నువ్వు చేయగల పెద్ద ఉపకారం ఇది.

కానీ ‘తప్పు పాడారు’ అనే ముందు ఆగు. త్యాగరాజ కృతులు మనదాకా శిష్యుల ద్వారా వచ్చాయి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం పరంపరల మధ్య సంగతుల్లోనూ, మాటల్లోనూ తేడాలున్నాయి. నువ్వు నేర్చుకున్న పాఠం వేరు కావచ్చు. రాగం విషయం కూడా అంతే. ‘నగుమోము గనలేని’ని ఈనాడు మనం ఎక్కువగా చతుశ్శ్రుతి ధైవతంతోనే, అంటే ‘ద’ స్వరపు హెచ్చు రూపంతోనే, వింటున్నాం. కానీ ఆ పాట రాగమైన ఆభేరికి ముత్తుస్వామి దీక్షితుల కృతి ‘వీణాభేరి’లో శుద్ధ ధైవతం, అంటే తగ్గు ‘ద’. ఎవరైనా ‘నగుమోము’ను శుద్ధ ధైవతంతో పాడితే అది జారిపోయిన స్వరం కాదు, కావాలని ఎంచుకున్న పాత మార్గం. ‘నేను విన్న పాఠానికి ఇది భిన్నంగా ఉంది, ఫలానా చోట’ అని రాస్తే నీ మాట నిజమూ అవుతుంది, తెలిసినవారు ముందుకు వచ్చి ఇంకొంత చెప్పడానికి దారీ ఉంటుంది. మన భాషను నలిపేసినప్పుడు బాధ కలుగుతుంది, నాకూ కలుగుతుంది. ఆ బాధ చెప్పు. చెబుతూనే, మన త్యాగరాజును ఇన్నేళ్లు గొంతులో నిలుపుకున్నది ఎక్కువగా తమిళ విద్వాంసులేనన్న కృతజ్ఞతను మరవకు.

మొదటి పుటలో ‘ఆ కాలంలో అందరూ వేగంగా, క్లుప్తంగా పాడేవారు’ అని రాశావు. అది రికార్డు మీద వేయవలసిన మాట, విద్వాంసుల మీద కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పలకల్లో పది అంగుళాలదానికి ఒక వైపున మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. అంతలో పల్లవి నుంచి చరణం దాకా ముగించాలి, వీలైతే చివర నాలుగు స్వరకల్పనలు వేయాలి. అదే గాయకుడు సభలో అదే కృతిని తీరిగ్గా విస్తరించేవాడు. అందుకని ప్రతి పుటలోనూ అది పాత పలకా, రేడియో రికార్డింగా, కచేరీలో పట్టిన టేపా అన్నది ముందే రాయి. టేపు చుట్ట ఆదా చేసుకోవడానికి తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) రాగానే యంత్రం ఆపేసిన రికార్డింగులు ఎన్నో ఉన్నాయి. ‘తని లేకుండానే కచేరీ ముగించారు’ అని ఎవరైనా తీర్మానిస్తే అన్యాయం. రేడియో స్టూడియో లక్షణం మరొకటి. గాయకులు వోలేటి వెంకటేశ్వర్లు గారి (1928–1989) పాట మనకు చాలావరకు విజయవాడ ఆకాశవాణి పుణ్యాన మిగిలింది. మైకు దగ్గర, నిశ్శబ్దంలో ఆయన గొంతు ఎంత మెత్తగా మలుపు తిరుగుతుందో విను. పెద్ద సభలో వెనక వరుసకు ఆ మెత్తదనం అంతా చేరేదా అన్నది ఆలోచించవలసిన సంగతి.

శ్రుతి గురించి జాగ్రత్త మరీ ముఖ్యం. పాత పలకలనూ, టేపులనూ కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వేగం తప్పడం మామూలే. ఒకే విద్వాంసుడి రికార్డులు రెండు ఒకటిన్నర శ్రుతిలో ఉండి, అదే వయసులో పాడిన మూడోది అంతకంటే హెచ్చయిన మూడు శ్రుతిలో ఉంటే, ఆ మూడోది వేగంగా తిరిగి ఉండవచ్చు. అప్పుడు గమకాలు, అంటే స్వరాల ఊపులు, కూడా గబగబా వినిపిస్తాయి, గొంతు పలచబడుతుంది. గొంతు వణికినట్టు అనిపిస్తే వెంటనే తంబుర విను. తంబుర కూడా అదే చోట ఊగుతుంటే దోషం టేపుది. తంబుర నిలకడగా ఉండి గొంతు మాత్రమే జారితే అప్పుడు రాయి. అది కూడా ఫలానా చోట, ఇన్నిసార్లు అని రాయి. ‘శ్రుతి తప్పింది’ అన్నది ఒక విద్వాంసుడి మీద మోపగలిగిన నేరాల్లో పెద్దది. వయసు మీద పడ్డాక పాడిన రికార్డు అయితే ఆ వయసు కూడా రాయి.

మీ స్నేహితుల మధ్య పాతతరం గాయకుల్లో జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం గొప్పా, మదురై మణి అయ్యర్ గొప్పా అన్న వాదం గంటసేపు సాగిందన్నావు. ఆ గంటలో ఇద్దరూ పాడిన ఒకే రాగం రెండుసార్లు వినవచ్చు. గాయకుడు ఎం.డి. రామనాథన్ మీద ‘చాలా నెమ్మది’ అన్న ఒక్క మాటతో తేల్చేయడం కూడా నాకు నచ్చలేదు. ఆయన మంద్రంలో (కింది స్థాయిలో), విలంబంలో (నెమ్మది నడకలో) పాడతారన్నది అందరికీ తెలుసు. ఆ నెమ్మదిలో రెండు మాటల మధ్య ఆయన వదిలే ఖాళీ నిన్ను ఏమి చేసింది? విసుగు పుట్టించిందా? అయితే ఎన్నో నిమిషానికి? అది రాస్తే విసుగు కూడా విలువైన సమాచారమే.

రాగం పేరు తెలియకపోతే ‘తెలియలేదు, మొదట ఖరహరప్రియ అనుకున్నాను, ఫలానా ప్రయోగం దగ్గర అనుమానం వచ్చింది’ అని రాయి. పేరు ఎవరైనా చెబుతారు, ఆ అనుమానం మాత్రం నీది. మీలో కొత్తగా వచ్చినవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. తెలిసినవాళ్లు ముందే తీర్పు చెప్పేస్తే కొత్తవాళ్లు తమకు వినిపించింది మింగేసుకుంటారు. పాట మధ్యలో మాట వద్దు. విన్న వెంటనే, ఎవరి నోరూ తెరుచుకోకముందే, అందరూ కాగితం మీద రెండు వాక్యాలు పెట్టుకోండి. చర్చ తరువాత.

ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించినది ఇదే. మూడు పుటల్లో ఒక్క చోట కూడా వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో లేదు. రాగాలాపనలో గాయని విడిచిన వాక్యాన్ని వయొలిన్ ఎలా అందుకుంది? ఉన్నది ఉన్నట్టు తిరిగి పలికిందా, తనదొక మాట కలిపిందా? చరణంలో మాట వినపడవలసిన చోట మృదంగం తగ్గిందా? తెలుగు నేల మీద వయొలిన్‌కు అంత గౌరవం తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) ఊరు విజయనగరంలో చదువుకున్నదానివి, నీ పుటలో పక్కవాద్యానికి చోటు లేకపోవడం ఏమిటి?

వచ్చే నెల మీరు ద్వారం వారి వయొలిన్ రికార్డు ఒకటి పెట్టుకోండి. సాహిత్యం వినిపించదు కాబట్టి మాట ఆసరా లేకుండా రాయవలసి వస్తుంది. కృతి నీకు తెలిసినదైతే, కమాను (వయొలిన్ వాయించే కర్ర) ఏ అక్షరం దగ్గర తిరిగిందో, మాట విరుపు అందులో తెలిసిందో లేదో గమనించు. కళాకారుల పేర్లు, రికార్డు రకం పై వరుసలో రాయి. తేదీ, ఊరు రికార్డు మీద ఉంటేనే రాయి, ఊహించి రాయకు. నాకూ ఒక ప్రతి పంపు. నేనూ అదే రికార్డు విని, నువ్వు చెప్పిన చోట్ల నాకు ఏమి వినిపించిందో జవాబు రాస్తాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య